బస్సు ఆగితే మనల్ని ముందుకు తోసేదెవరు?

ఒక సాయంత్రం మా మనవడు మోచేతులు చెక్కుకుపోయి, మోకాలు రక్తం ఓడుతూ బడినుంచి ఇంటికి వచ్చాడు. వాడు తొమ్మిదో తరగతి చదువుతున్నాడు. స్టాపులో బస్సు పూర్తిగా ఆగకముందే ఫుట్‌బోర్డు మీదనుంచి దూకాడట. "కాలు నేలమీద పెట్టగానే ఎవరో వెనకనుంచి తోసినట్టయింది తాతా" అన్నాడు. వాళ్ళమ్మ గాయాలు కడిగి మందు రాస్తూ నాలుగు చీవాట్లు పెట్టింది.

ఆ రాత్రి వాడి సైన్సు పరీక్ష పేపరు చూశాను. జడత్వం అంటే ఏమిటన్న ప్రశ్నకు ఇంగ్లీషులో అక్షరం పొల్లుపోకుండా జవాబు రాశాడు. రెండుకు రెండు మార్కులు వచ్చాయి. "ఒరేయ్, నిన్ను పడేసింది ఇదేరా! నీకు తెలిసిందే కదా?" అన్నాను. "తెలుసు తాతా. కానీ అది పుస్తకంలోది కదా!" అన్నాడు.

ఆ మాటే నా చేత ఈ వ్యాసం రాయిస్తోంది. మన పిల్లలకు బడిలో ఒక భాష, వీధిలో ఒక భాష, ఇంట్లో తెలుగు. బడిలో నేర్చింది బడి భాషలోనే ఉండిపోతే ఇంటిదాకా రాదు, బస్సు ఎక్కదు. కనుక చలనం, బలం అనే పాఠాన్ని ఒకసారి ఇంటి భాషలో చెప్పుకుందాం.

కదలడానికి బలం కావాలా?

బండిని ఎద్దులు లాగితే కదులుతుంది, లాగడం మానితే ఆగుతుంది. కనుక కదులుతూ ఉండాలంటే ఎవరో ఒకరు లాగుతూనే ఉండాలని మనకు తోస్తుంది. గ్రీకు పండితుడు అరిస్టాటిల్ అలాగే చెప్పాడు. దాదాపు రెండువేల ఏళ్ళు లోకం అదే నమ్మింది.

మీ ఇంట్లో క్యారమ్ బోర్డు ఉంటే ఒక చిన్న పరీక్ష చేయండి. పౌడరు లేకుండా స్ట్రైకరును కొడితే కొంతదూరం పోయి ఆగుతుంది. పౌడరు చల్లి, అంతే గట్టిగా కొట్టండి. చాలా దూరం పోతుంది. రెండోసారి మనం ఎక్కువ బలం పెట్టలేదు, ఆపే బలం తగ్గిందంతే. ఆ ఆపే బలం పేరు ఘర్షణ. మరి ఘర్షణ బొత్తిగా లేకపోతే? స్ట్రైకరు ఆగనే ఆగదు. ఏటవాలు పలకల మీద గుండ్లు దొర్లించి ఇటువంటి ఆలోచనకు వచ్చినవాడు ఇటలీ దేశస్థుడైన గెలీలియో (1564–1642). దాన్ని సూత్రంగా కూర్చి 1687లో తన గ్రంథంలో పెట్టినవాడు న్యూటన్.

సారాంశం ఒక్కటే: కదులుతూ ఉండడానికి బలం అక్కర్లేదు. ఉన్న స్థితిని మార్చడానికే బలం కావాలి. ఆగి ఉన్నది ఆగి ఉండాలనే చూస్తుంది, పోయేది అదే వేగంతో తిన్నగా పోవాలనే చూస్తుంది. ఈ గుణమే జడత్వం.

ఇప్పుడు మావాడి సంగతి చూడండి. బస్సు గంటకు 18 కిలోమీటర్ల వేగంతో పోతోందనుకుందాం. బస్సులో ఉన్నవాడి ఒళ్ళంతా అదే వేగంతో పోతోంది. అంటే మనం మామూలుగా నడిచే నడకకు మూడు నాలుగు రెట్లు. దూకగానే నేల రాపిడికి పాదాలు ఆగిపోయాయి. నడుము, భుజాలు, తల మాత్రం ఆగలేదు. ఎవరూ తోయలేదు. ముందుకు పోతున్న ఒంటిని ఆపేవాళ్ళు లేకపోయారు, అంతే! అలవాటుపడ్డవాళ్ళు దిగి నాలుగడుగులు బస్సు పోయే వైపే పరుగెత్తుతారు. కాళ్ళను ఒంటి వేగంతో కలపడానికే ఆ పరుగు. కింద ఇసుకో గులకరాయో ఉంటే ఆ ఉపాయమూ పనికిరాదు.

చేతులు వెనక్కి ఎందుకు లాగుతారు?

రెండో సూత్రం బలాన్ని లెక్కకట్టడం నేర్పుతుంది. వస్తువు ద్రవ్యరాశిని దాని త్వరణంతో, అంటే వేగం మారే రేటుతో, హెచ్చవేస్తే బలం వస్తుంది. పిల్లలకు దీన్ని క్రికెట్టుతో చెబితే చాలు.

బంతి 160 గ్రాములు ఉందనుకుందాం. సెకనుకు 20 మీటర్ల వేగంతో వస్తోంది. చేతులు బిగించి సెకనులో నూరోవంతు కాలంలో ఆపితే అరచేతుల మీద పడే బలం 320 న్యూటన్లు. అంటే సుమారు 32 కిలోల బరువు. చేతులు వెనక్కి లాగుతూ సెకనులో పదోవంతు కాలంలో ఆపితే 32 న్యూటన్లే. బంతి అదే, వేగం అదే. ఆపే కాలం పదిరెట్లు పెరిగితే దెబ్బ పదోవంతు అయింది.

హెల్మెట్ లోపలి మెత్తని పొర చేసే పనీ ఇదే. అది నలుగుతూ తల ఆగే కాలాన్ని పెంచుతుంది. హెల్మెట్‌ను బండి అద్దానికి తగిలించుకుపోయే మన కుర్రకారు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి.

ఇంకో లెక్క కూడా ఉంది. బ్రేకు ఒకే బలంతో పట్టినా, వేగం రెట్టింపయితే బండి ఆగే దూరం రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది. గంటకు 36 కిలోమీటర్ల వేగంలో 10 మీటర్లలో ఆగే బండి, 72 కిలోమీటర్ల వేగంలో 40 మీటర్లు పోయి గాని ఆగదు.

తేరు చెప్పే పాఠం

త్యాగరాజస్వామి పుట్టిన తిరువారూరులో ఆళిత్తేరు ఉంది. అలంకరించాక దాని ఎత్తు దాదాపు 96 అడుగులు, బరువు సుమారు 300 టన్నులు. అంత పెద్దది కాకపోయినా, మనం ఉండే ఊళ్ళలో రథోత్సవం చూడనివారు ఉండరు. రథాన్ని మొదట కదిలించడానికే జనం కష్టపడతారు. ఒకసారి కదిలాక లాగడం తేలిక. నిలిచి ఉన్న వస్తువును పట్టి ఉంచే ఘర్షణ ఎక్కువ, కదిలాక తక్కువ. ఆ తరువాత ఆపడం కష్టం. అది జడత్వం. అందుకే చక్రాల కింద కొయ్యదిమ్మలు వేసి ఆపుతారు.

మూడో సూత్రమూ ఇక్కడే ఉంది. చర్యకు సమానంగా ప్రతిచర్య ఉంటుంది. "మనం రథాన్ని లాగినంత బలంతో రథమూ మనల్ని లాగితే, ఇక కదిలేదెలా?" అని తెలివైన పిల్లలు అడుగుతారు. అడగాలి కూడా. ఆ రెండు బలాలూ ఒకే వస్తువు మీద పడవు. ఒకటి రథం మీద, ఒకటి మన మీద. మనం పాదాలతో నేలను వెనక్కి తంతాం, నేల మనల్ని ముందుకు తోస్తుంది. వీధి బురదై కాలు జారితే వెయ్యిమంది పట్టినా తేరు కదలదు.

మాటల దగ్గర జాగ్రత్త

కన్నడ, మరాఠీ, ఒడియా బడుల్లో చదివే పిల్లలకు బలం, జడత్వం, ఘర్షణ దాదాపు మన మాటలే. తమిళంలో బలం "విసై", జడత్వం "నిలైమం", త్వరణం "ముడుక్కం", ఘర్షణ "ఉరాయ్వు". ఒక చిక్కు ఉంది. తెలుగు పాఠంలో వేగం అంటే దిశ కూడా చెప్పాలి. దిశ లేనిది వడి. తమిళ పాఠంలో "వేగం" అంటే మన వడి. మన వేగాన్ని వాళ్ళు "దిసైవేగం" అంటారు. అలాగే అంగట్లో మనం బరువు అనేది పుస్తకంలో ద్రవ్యరాశి. చంద్రుడి మీద బరువు ఆరోవంతు అవుతుంది, ద్రవ్యరాశి మారదు. ఈ తేడాలు తెలియకపోతే ఇంట్లో సాయం చెయ్యబోయి పిల్లల్ని తికమక పెడతాం.

న్యూటన్ తన గ్రంథాన్ని ఇంగ్లీషులో రాయలేదు, లాటిన్‌లో రాశాడు. శాస్త్రం ఏ ఒక్క భాష సొత్తూ కాదనడానికి అదొక్కటి చాలు. పరీక్ష ఏ భాషలో రాసినా సరే, రాత్రి భోజనాల దగ్గర ఆ పాఠాన్ని తెలుగులో చెప్పమనండి. చెప్పగలిగితే అర్థమైనట్టే.

మావాడి మోకాలు మానింది. ఇప్పుడు బస్సు ఆగాకే దిగుతున్నాడు. మొన్న వాడే నన్నొక ప్రశ్న అడిగాడు: "తాతా, ఒకే వేగంతో తిన్నగా పోయే రైలులో కూర్చుని బంతిని నిటారుగా పైకి విసిరితే అది ఎక్కడ పడుతుంది? నా చేతిలోనా, వెనక సీటులోనా?"

జవాబు నేను చెప్పను. ఈసారి ఊరికి వెళ్ళేటప్పుడు రైల్లో మీ పిల్లల చేతికి ఒక బంతి ఇచ్చి చూడండి.