వరదలో మూగజీవులు
వానచినుకుకై ఎదురుచూచే కోసిగి ప్రాంతవాసులమైన మాకు వరద అనగానే 2009 అక్టోబరు 2వ తేదీ జ్ఞప్తికి వస్తుంది. ఆనాడు తుంగభద్ర, హంద్రీ నదులు పొంగి కర్నూలు నగరాన్ని ముంచివేశాయి. మంత్రాలయమూ నీట మునిగింది.

అట్టివేళ మనిషి మిద్దె ఎక్కగలడు. గుంజకు కట్టిన ఎద్దు ఎక్కడికి పోగలదు? పశువుకు ఈత సహజం. కట్టిన పలుపే దానికి మృత్యుపాశం. కావున హెచ్చరిక వినగానే పశువులను మెరకకు తోలాలి. వ్యవధి లేనిచో పలుపు విప్పి వదలాలి. కోళ్లగంపలను మిద్దెపైకి చేర్చాలి. వానకాలానికి ముందే గొంతువాపు టీకా వేయించాలి. వరద తగ్గిన పిమ్మట బూజుపట్టిన మేత పెట్టరాదు. కళేబరాలను సున్నం చల్లి లోతుగా పూడ్చాలి.

దప్పిగొన్న కుక్కకు నీరిచ్చినవాని పాపాలు మన్నింపబడినట్లు హదీసు బోధిస్తున్నది. తమ వీధిలో కట్టివేసి ఉంచే పశువులెన్నో విద్యార్థులు ముందుగానే తెలిసికొని ఉండాలని మా మనవి.