గాలికి ఊగితేనే మాను

సిద్దిపేట దగ్గరి రైతు ఒకరు అడిగారు: "చెలక గట్టు మీద వేప మొక్క పెట్టిన. పక్కన వెదురు కర్ర పాతి మూడు చోట్ల బిగించి కట్టిన. రెండేండ్లల్ల నా ఎత్తు దాటింది. కర్ర తీయంగనే వంగి నేలకు ఆనింది. నీళ్లు తక్కువైనయా, ఎరువు తక్కువైందా?"

రెండూ కావు. దానికి తక్కువైంది ఊపు.

2015 జూలై 3న తెలంగాణలో మొక్కలు నాటే హరితహారం కార్యక్రమం మొదలైంది. గుంత ఎంత తీయాలి, నీళ్లెప్పుడు పోయాలి, మేకల నుంచి ఎలా కాపాడాలి అన్నవి అప్పటి నుంచి ఊరూరా తెలిసిన సంగతులే. తెలియాల్సింది ఆషాఢ గాలి సంగతి. మనం మొక్కలు నాటే రోజుల్లోనే పడమటి గాలి చెలకల మీద అడ్డూ ఆపూ లేకుండా వీస్తుంది. దాన్ని శత్రువనుకుని మొక్కను కర్రకు కట్టేస్తాం.

1803లో ఇంగ్లండ్‌లో థామస్ ఆండ్రూ నైట్ ఒక ముచ్చటైన ప్రయోగం చేశాడు. ఆపిల్ మొక్కల్ని ఉత్తర, దక్షిణ దిక్కులకు మాత్రమే ఊగేలా కట్టాడు. పెరిగాక చూస్తే కాండం గుండ్రంగా లేదు. ఊగిన దిశలో 13 పాళ్లు, ఊగని దిశలో 11 పాళ్లు! ఎటు వంగితే అటే లావెక్కింది.

ఎటు లావెక్కాలో మొక్కకెలా తెలుస్తుంది? కాండం వంగినప్పుడు ఒకవైపు కణాలు సాగుతాయి, మరోవైపువి నొక్కుకుపోతాయి. ఆ ఒత్తిడికి సెకన్లలోనే కణాల్లో కాల్షియం పెరుగుతుంది. ఆ వెంటనే కొన్ని జన్యువులు మేల్కొంటాయి. ఈ జన్యువులు దొరికిన తీరు మరీ విచిత్రం. అమెరికాలో జానెట్ బ్రామ్, రోనాల్డ్ డేవిస్ చిన్న మొక్కల మీద హార్మోన్లు చల్లి చూస్తున్నారు. పోలిక కోసం ఉత్త నీళ్లు చల్లిన మొక్కల్లోనూ అవే జన్యువులు చెలరేగాయి. పనిచేసింది హార్మోను కాదు, తుంపర తాకిడి! వాన, గాలి, చేతి స్పర్శ ఏది తగిలినా అదే స్పందన అని 1990లో వాళ్లు ప్రకటించారు.

ఊగే మొక్క ఎత్తు తగ్గించుకుని ఆ బలాన్ని మొదలుకూ వేళ్లకూ మళ్లిస్తుంది. 1971లో నీల్, హారిస్ అనే శాస్త్రవేత్తలు లిక్విడాంబర్ మొక్కల్ని రోజుకు 30 సెకన్లు ఊపితే, ఊపని వాటి ఎదుగుదలలో 20–30 శాతం ఎత్తే పెరిగాయి. నష్టమనుకోకండి. కాండం వ్యాసం రెట్టింపైతే వంగకుండా నిలిచే బిగువు 16 రెట్లవుతుంది. కాస్త లావెక్కినా లాభం అంతింత కాదు. కర్ర కట్టిన మొక్కకు ఈ కబురే అందదు. అది పొడుగు సాగుతుంది, మొదలు సన్నగానే ఉండిపోతుంది. ఆ పొడుగు చూసే కర్ర మేలు చేస్తోందని తరాలుగా పొరబడ్డాం.

నర్సరీల మీద నా ఫిర్యాదూ ఇదే. సంచుల్ని ఒకదానికొకటి ఆనించి పేరిస్తే మొక్కలు ఊగలేవు, వెలుతురు కోసం పోటీపడి సన్నగా సాగుతాయి. మనమేమో అందులో అన్నిటికన్నా పొడుగుదాన్నే ఏరుకుంటాం. మొదలు లావుగా ఉన్నదాన్ని అడిగి తెచ్చుకోండి. తనంతట నిలబడే మొక్కకు కర్ర వద్దు. తప్పనిసరైతే కిందివైపు ఒక్కచోట, కాండం కదిలేంత వదులుగా కట్టి, వేళ్లూనగానే విప్పేయండి.