దుబాయ్ ఫ్లాటు, హైదరాబాద్ పన్ను

హైదరాబాద్‌లోని పెద్ద హోటళ్లలో దుబాయ్ బిల్డర్లు పెట్టే ప్రదర్శనల్లో రెండు మాటలు తప్పకుండా వినిపిస్తాయి: అద్దె రాబడి ఆరేడు శాతం, దాని మీద పన్ను సున్నా. మొదటిది చాలావరకు నిజమే. మన నగరంలో ఫ్లాటు విలువ మీద ఏడాది అద్దె మూడు శాతం దాటితే గొప్ప. రెండో మాట మాత్రం దుబాయ్‌లో కాపురముండే వాళ్లకే వర్తిస్తుంది. యూఏఈలో వ్యక్తుల ఆదాయం మీద పన్ను లేదు. అయితే మన ఆదాయపు పన్ను చట్టం చూసేది ఇల్లు ఎక్కడుందని కాదు, యజమాని ఎక్కడి నివాసి అని. భారత్‌లో పూర్తి నివాసి అయినవాడు ప్రపంచంలో ఏ మూల సంపాదించినా ఇక్కడ లెక్క చెప్పాలి. రెండు దేశాల మధ్య పన్నుల ఒప్పందం ఉంది కదా అంటారు. అక్కడ కట్టిన పన్నును ఇక్కడ మినహాయించుకోవడానికి అది పనికొస్తుంది. అక్కడ కట్టిందే లేనప్పుడు మినహాయించుకునేది ఏముంటుంది?

లెక్క వేసి చూద్దాం. వంద రూపాయల ఫ్లాటుకు ఏడాదికి 7 రూపాయల అద్దె వచ్చిందనుకుందాం. ఇంటి అద్దె మీద 30 శాతం ప్రామాణిక తగ్గింపు విదేశీ ఇంటికీ ఇస్తారు కాబట్టి పన్ను పడేది 4.90 మీద. 30 శాతం శ్లాబులో ఉన్నవాడికి సెస్‌తో కలిపి అది సుమారు రూపాయిన్నర. భవనానికి కట్టే సర్వీస్ ఛార్జీలు, అద్దెకిచ్చి చూసుకునే ఏజెంటు రుసుము, ఫ్లాటు ఖాళీగా ఉన్న నెలలు కలిపి మరో రూపాయిన్నర, రెండు రూపాయలు పోతాయి. చేతికి మిగిలేది మూడున్నర నుంచి నాలుగు. కొన్న రోజునే దుబాయ్ భూమి శాఖకు 4 శాతం రుసుము, బ్రోకరుకు సాధారణంగా 2 శాతం కట్టాలి. మొదటి ఏడాదిన్నర రాబడి వాటికే సరి.

అద్దె సంగతి అలా ఉంచి, ధర పెరుగుతుందనే వాదనకే ఎక్కువ బలముంది. విదేశీయులకు పూర్తి యాజమాన్యాన్ని 2002లో అనుమతించాక ఆ మార్కెట్ ఎగసి, 2008 సంక్షోభంలో సగానికి సగం పడింది. మళ్లీ లేచి, 2014 నుంచి 2020 దాకా దిగుతూ వచ్చింది. 2014 నాటి సగటు ధరను తిరిగి అందుకోవడానికి పదేళ్ల దగ్గర పట్టింది. అయినా అప్పుడు కొన్న మనవాడు లాభపడ్డాడు. కారణం ఇల్లు కాదు. దిర్హమ్‌ను 1997 నుంచి డాలరుకు 3.6725 వద్ద కట్టేశారు. ఆ పదేళ్లలో డాలరు 60 రూపాయల నుంచి 84కు చేరింది. పైగా మన పన్ను లెక్క రూపాయల్లో జరుగుతుంది కాబట్టి, దిర్హముల్లో పైసా పెరగకపోయినా మారకం వల్ల వచ్చిన ఆ తేడాకు మూలధన లాభం పన్ను పడే అవకాశముంది.

రూపాయి పడిపోతుందన్న భయం న్యాయమైనదే. దానికి విరుగుడు డాలరు ఆస్తి. అది ఫ్లాటే కానక్కర్లేదు. రిజర్వు బ్యాంకు ఒక్కొక్కరికీ ఏడాదికి అనుమతించే 2,50,000 డాలర్ల పరిమితిలోనే అమెరికా సూచీ ఫండు కొనుక్కోవచ్చు. దాన్ని కావలసినంత మేరకే అమ్ముకోవచ్చు. ఫ్లాటులో ఒక గదిని అమ్మలేం. 20 లక్షల దిర్హముల ఆస్తితో పదేళ్ల గోల్డెన్ వీసా వస్తుందన్నది మరో ఆకర్షణ. అక్కడ వ్యాపారమో పిల్లల చదువో ఉన్నవాళ్లకు అది విలువైనదే. అయితే వీసా చేతికొచ్చినంత మాత్రాన నివాసం మారదు. హైదరాబాద్‌లోనే ఏడాదంతా గడిపేవాడు ఇక్కడి నివాసే. ఆస్తిని రిటర్నులోని విదేశీ ఆస్తుల షెడ్యూల్‌లో ఏటా చూపాలి, చూపకపోతే 2015 నల్లధనం చట్టం కింద 10 లక్షల జరిమానా పడవచ్చు. ఎంత చిన్న ఫ్లాటైనా స్థిరాస్తికి ఇందులో సడలింపు లేదు.

అక్కడే ఉద్యోగం చేసుకుంటున్న తెలుగువాళ్ల లెక్క వేరు. వాళ్లు ఇక్కడి నివాసులు కారు, ఆ అద్దె మీద ఇక్కడ పన్ను లేదు, జీతమూ దిర్హముల్లోనే. అద్దె కట్టే బదులు సొంతం చేసుకోవడం వాళ్లకు సబబే. తిరిగొచ్చాక కూడా, ఎన్నేళ్లు బయట ఉన్నారన్నదాన్ని బట్టి, రెండు మూడేళ్లు విదేశీ ఆదాయానికి మినహాయింపు దొరుకుతుంది. ఆ గడువు తీరిన ఏడాది నుంచి అదే ఫ్లాటు అద్దె ఇక్కడి రిటర్నులో చేరుతుంది. ఉంచాలా అమ్మాలా అన్నది ఆ లోపే తేల్చుకోవాలి.