ఉప్పు నీటిలో ఉక్కు బోల్టు

డేనియల్ ఘటం బొమ్మ గీసి మార్కులు తెచ్చుకోని సైన్సు విద్యార్థి మన కాలేజీలో ఉండడు. సరిగ్గా అలాంటి ఘటమే పడవల వెనక, ఎవరూ అమర్చకుండానే, రాత్రింబవళ్ళు పనిచేస్తుంటుంది. అక్కడ అది దీపం వెలిగించదు. బోల్టుల్ని కదలకుండా పట్టేస్తుంది.

మన కాకినాడ, విశాఖ రేవుల్లోని మరపడవల్లో ఇంజను లోపల ఉంటుంది, ఇరుసు అడుగునుంచి తిన్నగా వెనక్కి పోతుంది. 1959లో స్వీడన్‌కు చెందిన వోల్వో పెంటా కంపెనీ వేరే ఏర్పాటుని అమ్మకానికి తెచ్చింది. దాని పేరు స్టెర్న్ డ్రైవ్. ఇందులోనూ ఇంజను లోపలే. కాని ఇరుసు పడవ వెనక గోడలోంచి బయటికొచ్చి, నీళ్ళలోకి కాలులా దిగిన ఒక పెట్టెలోని పళ్ళచక్రాల ద్వారా పంకాని తిప్పుతుంది. ఆ పెట్టె అల్యూమినియం మిశ్రమలోహపు పోత. బిగించేవేమో ఉక్కు, స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టులు. ఇరుసు బయటికొచ్చే చోట ముడతల రబ్బరు తొడుగు ఒకటుంటుంది. అది నీటిమట్టానికి కింద ఉంటుంది కనుక, చిరిగిందా నీళ్ళు తిన్నగా పడవలోకే! కట్టేసిన చోటే మునిగిపోయిన పడవలున్నాయి. ఆ తొడుగుని సరిగా చూడాలంటే డ్రైవ్ ఊడదీయాలి. మెర్‌క్రూజర్ రకంలో అందుకు ఆరు నట్లు విప్పాలి. ఆరింటిలో ఒక్కటి మొరాయించినా పని ఆగినట్టే.

మా ఇళ్ళల్లో ఆయిలింజను నట్టు రాకపోతే కిరసనాయిలు పోసి, తెల్లారేదాకా వదిలేసి, సుత్తితో నాలుగు తట్టి విప్పుతాం. ఇనుములో ఇనుము ఇరుక్కుంటే ఆ వైద్యం చాలు. అల్యూమినియంలో స్టీలు ఇరుక్కుంటే చాలదు. రెండు వేర్వేరు లోహాలు ఒకదాన్నొకటి తాకుతూ ఉప్పునీటిలో తడిస్తే విద్యుద్ఘటం తయారైనట్టే. సముద్రపు నీటిలో లీటరుకి సుమారు 35 గ్రాముల లవణాలున్నాయి మరి. ఈ ఘటంలో అల్యూమినియం ఆనోడు అయి కరుగుతుంది. బోల్టు మెరుస్తూనే ఉంటుంది, దాని చుట్టూ ఉన్న కన్నం పాడవుతుంది. కరిగిన అల్యూమినియం తెల్లని పొడిగా మారుతుంది. ఆ పొడికి అసలు లోహం కంటే ఎక్కువ చోటు కావాలి. అందుకని మరల సందుల్లో కూరుకుపోయి బోల్టుని పట్టేస్తుంది. అప్పుడు పానాకి గొట్టం తొడిగి బలవంతం చేస్తే బోల్టు తల తెగి చేతికొస్తుంది, లేదా పెట్టెలోని మరలు ఊడిపోతాయి. చిన్న బోల్టు దగ్గర పెద్ద పోత పాడవుతుంది.

ఇది కొత్త సంగతేం కాదు. 1761లో బ్రిటిష్ నౌకాదళం అలారం అనే ఓడ అడుగుకి రాగిరేకులు ఇనుప మేకులతో తాపింది. ఓడ వెస్టిండీస్ వెళ్ళొచ్చాక చూస్తే రాగి తగిలిన మేకులు తినేసి ఉన్నాయి. రేకులకి చుట్టిన గోధుమరంగు కాగితం మేకుకీ రాగికీ మధ్య చిరక్కుండా మిగిలిన చోట్ల మాత్రం మేకులు బాగున్నాయి. నేడు బోల్టుకి పూసే గ్రీజు చేసేది ఆ కాగితం పనే.

అందుచేత ఏడాదికొకసారి, అవసరం ఉన్నా లేకున్నా, బోల్టులు విప్పి, పాత గ్రీజునీ తెల్లపొడినీ తుడిచి, నీటికి కొట్టుకుపోని మెరైన్ గ్రీజు మరల నిండా పూసి బిగించాలి. గ్రాఫైటు కలిసిన గ్రీజు పనికిరాదు. గ్రాఫైటు స్టీలు కంటే గట్టి కాథోడు, అది రోగాన్ని పెంచుతుంది.

రెండో రక్షణ జింకు బిళ్ళలు. 1824లో హంఫ్రీ డేవీ, రాగి తాపిన ఓడకి జింకు ముక్క తగిలిస్తే రాగి కరగదని చూపించాడు. (రాగి కరగకపోయేసరికి ఓడ అడుగున గుల్లలు పేరుకున్నాయి, పాపం!) డ్రైవ్‌లోనూ జింకే ముందు కరిగి అల్యూమినియాన్ని కాపాడుతుంది. అదెలా? మన పాఠ్యపుస్తకం పట్టికలో జింకు మైనస్ 0.76 వోల్టులు, అల్యూమినియం మైనస్ 1.66. ఆ లెక్కన అల్యూమినియమే ముందు కరగాలి కదా! కాని అల్యూమినియం ఒంటిమీద ఆక్సైడు పొర ఉంటుంది. సముద్రపు నీటిలో కాలమెల్ ఎలక్ట్రోడుతో కొలిస్తే అల్యూమినియం సుమారు మైనస్ 0.75, జింకు సుమారు మైనస్ 1.03. వరస తిరగబడింది. పట్టిక బట్టీపడితే దొరికే జవాబు కాదిది.

మంచినీటిలో తిరిగే పడవకి జింకు చాలదు, మెగ్నీషియం బిళ్ళ వెయ్యాలి. ఏ బిళ్ళయినా సగం అరిగితే మార్చాలి, లోహాన్ని నేరుగా తాకేట్టు బిగించాలి. అందం కోసం దానిమీద రంగు వేసేవాళ్ళున్నారు. రంగు కిందున్న జింకు కరగదు. ఏడాది తరవాత చూసినా కొత్తగానే ఉంటుంది, ఈలోగా డ్రైవ్ కరుగుతుంటుంది.