యుద్ధవేళ సాయమడిగే మాట: దాని బలం, దాని వెల

సరిహద్దు పల్లెల్లో పద్యనాటకం ఎరుగని పెద్దలు అరుదు. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలలోని ‘పడక సీను’ మొదలయిందంటే నిద్రమత్తులో ఉన్నవారు సైతం లేచి కూర్చుంటారు. యుద్ధం తప్పదని తేలిన పిమ్మట దుర్యోధనుడు, అర్జునుడు ఇరువురూ సాయం కోరి ద్వారకకు వెళతారు. ఒకరు శ్రీకృష్ణుని తలవైపున, మరొకరు పాదాల చెంత కూర్చుంటారు. ఎవరు ముందు వచ్చారన్నది కాక, ఎవరు ఎట్లా అడిగారు, ఏమి అడిగారు అన్నదే అక్కడ ప్రధానమవుతుంది.

పురాణంలోని ఈ ఘట్టం చరిత్రలో పలుమార్లు పునరావృతమైంది. యుద్ధంలో చిక్కుకున్న నాయకునికి కత్తి, ఫిరంగి ఎంత అవసరమో, వాటిని పరాయి రాజ్యం నుండి రప్పించగల మాట కూడా అంతే అవసరం. ఆ మాటకు ఒక పద్ధతి ఉంది, బలం ఉంది, హద్దు ఉంది. అన్నిటికీ మించి దానికొక వెల ఉంది. ఇవి తెలుసుకోవడానికి దూరదేశాల చరిత్ర వెదకనవసరం లేదు. నాగరగెరె, బాగేపల్లి, చింతామణి ప్రాంతాలను ఒకనాడు ఏలిన టిప్పు సుల్తాన్ రాయబారాలే ఇందుకు చక్కని ఉదాహరణ.

శ్రీరంగపట్టణం నుండి నాలుగు దిక్కులకు

దేవనహళ్ళిలో జన్మించిన టిప్పు సుల్తాన్ 1782లో తండ్రి హైదర్ అలీ మరణానంతరం మైసూరు రాజ్యాధికారం చేపట్టాడు. ఈస్టిండియా కంపెనీతో అప్పటికే యుద్ధం సాగుతోంది. 1784లో మంగళూరు సంధితో అది ముగిసినప్పటికీ, మరో యుద్ధం తప్పదని ఆయన గ్రహించాడు. ఇరుగుపొరుగున ఉన్న హైదరాబాదు నిజాం, మరాఠాలు నమ్మదగిన మిత్రులు కారు. అందుచేత సముద్రాల ఆవలి రాజులకు రాయబారులను పంపనారంభించాడు.

1786లో సుమారు తొమ్మిది వందల మందితో కూడిన బృందం ఓడలెక్కి ఇస్తాంబుల్‌లోని తుర్కీ సుల్తాన్ వద్దకు బయలుదేరింది. 1787లో మహమ్మద్ దర్వేష్ ఖాన్, అక్బర్ అలీ ఖాన్, మహమ్మద్ ఉస్మాన్ ఖాన్ అనే ముగ్గురు రాయబారులు పుదుచ్చేరి నుండి ఫ్రాన్సుకు ప్రయాణమయ్యారు. 1788 ఆగస్టు 10న వెర్సాయ్ రాజభవనంలో పదహారవ లూయీ చక్రవర్తి వారికి దర్శనమిచ్చాడు. తరువాతి దశాబ్దంలో కాబూలు పాలకుడు జమాన్ షాకు, హిందూ మహాసముద్రంలోని మారిషస్ దీవిలో ఉన్న ఫ్రెంచి గవర్నరుకు కూడా లేఖలు వెళ్ళాయి.

ఎవరికి తగిన మాట వారికి

ఈ రాయబారాలన్నింటి లక్ష్యం ఒక్కటే: కంపెనీకి వ్యతిరేకంగా సాయం. కానీ భాష మాత్రం ఒక్కటి కాదు. తుర్కీ సుల్తానుతోనూ, జమాన్ షాతోనూ మాట్లాడినప్పుడు మతబంధం ముందుకు వచ్చింది. ఫ్రెంచివారితో మాట్లాడినప్పుడు హైదర్ అలీ కాలం నాటి పాత స్నేహం, వ్యాపార లాభం, ఇరువురికీ ఉమ్మడి శత్రువైన ఇంగ్లండు ప్రస్తావనకు వచ్చాయి.

యుద్ధవేళ సాయమడిగే మాట సాధారణంగా నాలుగు తీగలను మీటుతుంది. మొదటిది బంధం: మనమిద్దరం ఒక్కటే అనడం. రెండవది ఉమ్మడి శత్రువు: నన్ను కొట్టేవాడే నిన్నూ కొడతాడు అనడం. మూడవది లాభం: నన్ను ఆదుకుంటే నీకిది దక్కుతుంది అనడం. నాలుగవది భయం: నేడు నాకు వచ్చిన గతి రేపు నీకూ రావచ్చు అనడం. వినేవాని మనసులో ఏ తీగ పలుకుతుందో గుర్తెరిగి దానినే మీటడం నేర్పరి లక్షణం. టిప్పు సుల్తాన్‌కు ఆ నేర్పు లేకపోలేదు. అయినప్పటికీ ఫలితం దక్కలేదు. కారణం ఏమిటి?

విన్నవారి కష్టం విన్నవారిది

రాయబారులు ఫ్రాన్సు చేరేనాటికి ఆ రాజ్యపు ఖజానా ఖాళీ అయింది. మరుసటి ఏడాదే, అనగా 1789లో, అక్కడ విప్లవం చెలరేగింది. లూయీ చక్రవర్తి రాయబారులకు ఘనంగా ఆతిథ్యమిచ్చాడు. చేతిపనివారినీ, విలువైన పింగాణీ సామానునూ పంపాడు. అడిగిన సైన్యాన్ని మాత్రం పంపలేదు. తుర్కీ సుల్తాన్ 1787 నుండి రష్యాతో యుద్ధంలో మునిగి ఉన్నాడు. ఆయనకు ఇంగ్లండు స్నేహమే అవసరమైంది. అక్కడికి వెళ్ళిన వందలాది మందిలో పలువురు రోగాలపాలై, ఓడ ప్రమాదాలపాలై మరణించారు. తిరిగి స్వదేశం చూసినవారు బహుకొద్దిమంది.

1790లో యుద్ధం రానే వచ్చింది. కంపెనీతో నిజాం, మరాఠాలు చేతులు కలిపారు. 1791 మార్చిలో బెంగళూరు కోట, అదే ఏడాది అక్టోబరులో దుర్భేద్యమని పేరుపొందిన నందిదుర్గం కంపెనీ వశమయ్యాయి. శివరాత్రి జాతరకు నంది గ్రామానికి వెళ్ళేవారికి ఆ కొండమీది కోటగోడలు పరిచితమే. 1792 సంధిలో టిప్పు సుల్తాన్ సగం రాజ్యాన్ని వదులుకున్నాడు. మూడు కోట్ల ముప్పై లక్షల రూపాయలు చెల్లించడానికి అంగీకరించి, ఇద్దరు కుమారులను తాకట్టుగా అప్పగించాడు.

జమాన్ షా 1798 చివర లాహోరు వరకు వచ్చాడు. కానీ స్వంత సోదరుని వలన, పర్షియా వలన ముప్పు ఏర్పడటంతో వెనుదిరిగాడు. ఆ పర్షియాను ఎగదోసినది కూడా కంపెనీ రాయబారమే. అడిగేవాని మాట ఎంత గొప్పదైనా, వినేవాని ఇల్లు కాలుతుంటే ఆ మాట చెవికెక్కదు. ఇది మొదటి పాఠం.

వెల్లడైన రహస్యం

రెండవ పాఠం ఇంకా కఠినమైనది. మిత్రునికి చెప్పిన మాట శత్రువు చెవిన కూడా పడుతుంది. మారిషస్‌కు వెళ్ళిన రాయబారులు రహస్యంగా సైన్యాన్ని కోరారు. అక్కడి గవర్నరు మలార్టిక్ వద్ద ఇవ్వదగినంత సైన్యం లేదు. ఆయన 1798 జనవరిలో ఒక బహిరంగ ప్రకటన వెలువరించి, టిప్పు సుల్తాన్ పక్షాన పోరాడటానికి స్వచ్ఛందంగా రమ్మని ప్రజలను కోరాడు. వేలాది సైనికులను ఆశించిన మైసూరుకు వచ్చినవారు సుమారు నూరుమంది మాత్రమే.

ఆ ప్రకటన ప్రతి కలకత్తాకు చేరింది. గవర్నర్ జనరల్ వెల్లస్లీ దానినే సాక్ష్యంగా చూపి, మైసూరు శత్రుత్వానికి ఇంతకన్న రుజువేమి కావాలని వాదించాడు. యుద్ధానికి కారణం వెదుకుతున్నవానికి అది చేతికందిన ఆయుధమైంది. 1798లో నెపోలియన్ ఈజిప్టులో దిగాక తుర్కీ సుల్తాన్ సైతం ఫ్రెంచివారిని నమ్మవద్దని టిప్పుకు లేఖ వ్రాశాడు. ఏ మతబంధం పేరిట టిప్పు సాయమడిగాడో, అదే బంధం పేరిట ఇంగ్లండు ఆయనకు హితవు చెప్పించింది. 1799 జనవరిలో నెపోలియన్ కైరో నుండి వ్రాసిన లేఖ దారిలోనే ఇంగ్లీషువారికి చిక్కింది. అదే ఏడాది మే 4న శ్రీరంగపట్టణం కోట కూలింది. టిప్పు సుల్తాన్ పోరాడుతూ మరణించాడు.

సాయానికి చెల్లించిన వెల

సాయం దొరకక ఒకరు నశించగా, సాయం దొరికినవారి సంగతి కూడా గమనార్హం. హైదరాబాదు నిజాంకు వెల్లస్లీ చూపినది భయం, లాభం అనే రెండు తీగలు. 1798 సెప్టెంబరులో నిజాం కంపెనీతో సైన్య సహకార ఒడంబడిక చేసుకున్నాడు. కంపెనీ సైన్యం ఆయనకు రక్షణగా నిలుస్తుంది. దాని ఖర్చు ఆయన భరించాలి. అప్పటివరకు తన కొలువులో ఉన్న ఫ్రెంచి దళాన్ని రద్దు చేయాలి.

మైసూరు పతనమయ్యాక గుత్తి, గుర్రంకొండ మొదలైన సీమలు నిజాం వాటాకు వచ్చాయి. పెనుకొండ, హిందూపురం ప్రాంతం అటే పోయింది. రెండేళ్ళు తిరగకముందే, 1800 అక్టోబరులో, సైన్యం ఖర్చు నిమిత్తం ఆ సీమలన్నింటినీ ఆయన కంపెనీకి ధారాదత్తం చేశాడు. అవే దత్తమండలాలు. చిక్కబళ్ళాపురం, గుడిబండ, బాగేపల్లి వైపు గ్రామాలు మాత్రం ఒడెయరులకు తిరిగి ఇచ్చిన మైసూరు రాజ్యంలో నిలిచాయి.

ఒకే పాలన క్రింద ఉన్న నేల ఆ విధంగా రెండయింది. అటు కంపెనీ మద్రాసు, ఇటు మైసూరు. 1956 నవంబరు 1న భాషాప్రయుక్త రాష్ట్రాలు ఏర్పడినప్పుడు కూడా ఆ గీత స్థూలంగా అట్లే ఉండిపోయింది. ఇంట తెలుగు మాట్లాడుతూ బడిలో కన్నడం చదువుకునే పిల్లలు, హిందూపురంలో వియ్యమంది నాగరగెరెలో కాపురముండే కుటుంబాలు నిత్యం దాటే ఎల్ల అది. రాజులు సాయం కోసం ఆడిన మాటలకు, చేసుకున్న ఒడంబడికలకు వెల చెల్లించినది నేల. ఆ నేలమీద నివసించేవారిని ఎవరూ అడిగినది లేదు.

తరువాతి కాలపు మాటలు

కాలం మారినా పద్ధతి మారలేదు. రెండవ ప్రపంచ యుద్ధంలో ఇంగ్లండు ఒంటరిగా పోరాడుతున్నప్పుడు అమెరికా ప్రజలు యుద్ధంలోకి దిగడానికి ఇష్టపడలేదు. 1940 డిసెంబరు 17న అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ పత్రికల వారికి ఒక పోలిక చెప్పాడు. పొరుగింటికి నిప్పంటుకుంటే తోటకు నీళ్ళుపట్టే గొట్టాన్ని వెల కట్టి అమ్ముతామా, మంట ఆరాక తిరిగి ఇమ్మని ఇస్తామా అన్నది దాని భావం. గడ్డివామి అంటుకుంటే ఊరంతా బిందెలతో పరుగెత్తే పల్లెవారికి ఈ పోలిక వివరించనక్కరలేదు. 1941 మార్చిలో ఆయుధాలు అరువిచ్చే చట్టం ఆమోదం పొందింది. అయితే యుద్ధానంతరం ఇంగ్లండు అమెరికా వద్ద చేసిన అప్పు చివరి వాయిదా తీరినది 2006 డిసెంబరులో!

1962లో చైనా దాడి సమయాన ఏ కూటమిలోనూ చేరనన్న ప్రధాని నెహ్రూ, నవంబరు 19న అమెరికా అధ్యక్షుడు కెన్నెడీకి రెండు లేఖలు వ్రాసి యుద్ధవిమానాల దళాలను అర్థించవలసి వచ్చింది. ఇది భారతదేశపు మనుగడ ప్రశ్న మాత్రమే కాదు, ఆసియా అంతటి ప్రశ్న అన్నది వాటిలోని వాదం. మరి రెండు రోజులకే చైనా కాల్పుల విరమణ ప్రకటించింది. కానీ అమెరికా, ఇంగ్లండులు సాయంతో పాటు కాశ్మీరుపై పాకిస్తానుతో చర్చలు జరపాలన్న ఒత్తిడిని కూడా తెచ్చాయి. 1962 డిసెంబరు నుండి 1963 మే వరకు ఆరు విడతల చర్చలు ఫలితం లేకుండా ముగిశాయి.

2022 ఫిబ్రవరిలో రష్యా దాడి చేసిన పిమ్మట ఉక్రెయిన్ అధ్యక్షుడు జెలెన్‌స్కీ ఏ దేశపు చట్టసభలో మాట్లాడితే ఆ దేశపు జ్ఞాపకాన్నే తట్టాడు. ఇంగ్లండులో చర్చిల్ ప్రసంగాన్ని, అమెరికాలో పెర్ల్ హార్బర్ దాడిని, జర్మనీలో బెర్లిన్ గోడను గుర్తుచేశాడు. ఆ దేశాల నుండి ఆయుధాలు అందాయి. ఇజ్రాయెల్‌లో యూదుల మారణహోమంతో పోల్చినప్పుడు మాత్రం అక్కడి నాయకులు కొందరు నొచ్చుకున్నారు. తీగ మరీ గట్టిగా లాగితే తెగుతుంది. ఢిల్లీలోని ఉక్రెయిన్ రాయబారి ఫిబ్రవరి 24న భారతదేశపు జోక్యాన్ని కోరుతూ మహాభారతాన్ని, చాణక్యుని ప్రస్తావించడం విశేషం. భారతదేశం మందులు, సహాయ సామగ్రి పంపింది. ఐక్యరాజ్యసమితి ఓటింగులలో మాత్రం తటస్థంగా నిలిచింది.

వినేవారు గమనించవలసినవి

ఇటువంటి మాటలన్నీ కపటమని భావించడం తగదు. ఆపదలో ఉన్నవాడు అడగక తప్పదు. అడగనిదే అమ్మైనా పెట్టదని సామెత. అయితే ప్రసంగం ఎంత కదిలించినా వినేవారు నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి. ఏ తీగను మీటుతున్నారు? అడిగినవాని అవసరం నిజమా? ఇచ్చేవానికి ఒరిగేదేమిటి? చివరకు వెల ఎవరు చెల్లిస్తారు?

టీవీలో ఏదో ఒక దేశాధినేత సాయం కోరి మాట్లాడుతున్నప్పుడు ఇంటిలోని పిల్లలతో పెద్దలు ఈ ప్రశ్నలు చర్చించవచ్చు. వానిలో నాలుగవ ప్రశ్నకు జవాబు దూరంగా వెదకనవసరం లేదు. హిందూపురం బస్సు ఎల్ల దాటే చోట, రోడ్డు ప్రక్క ఫలకం మీది అక్షరాలు కన్నడం నుండి తెలుగులోకి మారే చోట, ఆ జవాబు రెండు వందల ఏండ్లుగా నిలిచి ఉంది.