మేమా? మనమా?

తెలుగు నేర్పడమంటే అచ్చులు, హల్లులు, గుణింతాలు, వత్తులు అనుకుంటాం. నా అనుభవంలో పిల్లలకి అసలు కష్టం అక్కడ కాదు. 'క్ష' రాయడం రెండు వారాల్లో వచ్చేస్తుంది. ఎక్కడ 'మేము' అనాలో, ఎక్కడ 'మనం' అనాలో మాత్రం రెండేళ్ళయినా తేలదు.

నేను చదివింది ఎమ్మెస్సీ కెమిస్ట్రీ. పెళ్ళయ్యాక కెనడా వచ్చి, ఇల్లూ పిల్లలే లోకంగా ఉంటున్నాను. శనివారం పొద్దున రెండు గంటలు మాత్రం మిస్సిసాగాలో ఓ పదిహేను మంది పిల్లలకి తెలుగు చెప్తాను. వాళ్ళు నన్ను 'టీచరాంటీ' అని పిలుస్తారు.

ఇంగ్లీషులో 'వుయ్' ఒక్కటే. ఇక్కడి పిల్లలు నాలుగో తరగతి నుంచి నేర్చుకునే ఫ్రెంచిలో 'ను' ఒక్కటే. హిందీలోనూ 'హమ్' ఒక్కటే. మనకి రెండున్నాయి. ఎదుటివాళ్ళని కలుపుకుంటే 'మనం', కలుపుకోకపోతే 'మేము'. తమిళంలో 'నామ్, నాంగళ్', గుజరాతీలో 'ఆపణే, అమే' కూడా ఇలాంటి జంటలే. మన పక్కనున్న కన్నడంలో మాత్రం ఇప్పటి వాడుకలో 'నావు' ఒక్కటే ఉంది.

ఇంత చిన్న తేడాకి అంత పట్టింపు ఎందుకంటారా? మా క్లాసులో ఒక బాబు వాళ్ళ అమ్మమ్మగారు సూపర్ వీసా మీద విజయనగరం నుంచి వచ్చారు. ఒక ఆదివారం వాడు స్నో బూట్లు తొడుక్కుంటూ, "అమ్మమ్మా, మేము పార్కుకి వెళ్తున్నాం" అన్నాడట. "అలాగే నాన్నా, జాగ్రత్తగా వెళ్ళి రండి" అని ఆవిడ సోఫాలో కూర్చుండిపోయారు. పది నిమిషాలైనా వాడు గుమ్మం దగ్గర నుంచి కదల్లేదు. చేతిలో అమ్మమ్మ మంకీ క్యాప్ ఉంది. "అమ్మమ్మ ఎందుకు రావట్లేదు?" అని వాళ్ళమ్మని అడిగాడట. పిలిచాననే వాడనుకున్నాడు. తనని పిలవలేదని ఆవిడ అనుకున్నారు.

ఆ సంగతి తెలిశాక తర్వాతి శనివారం పుస్తకం పక్కన పెట్టాను. నేల మీద తాడుతో పెద్ద గుండ్రం వేసి ఒక ఆట పెట్టాను. ఎవరైనా "మనం ఆడుకుందాం" అంటే అందరూ గుండ్రంలోకి రావాలి. "మేము ఆడుకుంటాం" అంటే చెప్పినవాళ్ళ జట్టు మాత్రమే లోపలుండాలి. నెల క్రితమే సస్కటూన్ నుంచి వచ్చిన ఒక పాప ఎప్పుడూ గోడ పక్కనే నిలబడేది. మొదటిసారి "మనం" వినిపించినప్పుడు కూడా కదల్లేదు. ఒక పిల్లాడు వెళ్ళి ఆమె స్వెట్టర్ చెయ్యి పట్టుకుని లాగాడు. "మనం అంటే నువ్వు కూడా. రూల్!" అన్నాడు. ఆ రోజు తర్వాత ఆ పాప గోడ దగ్గరికి వెళ్ళలేదు.

ఈ రెండు మాటలూ ఈ నేల మీద మనకంటే ముందే ఉన్నాయని ఇక్కడికి వచ్చాకే తెలుసుకున్నాను. మా ఊరికి పేరిచ్చిన మిస్సిసాగా ప్రజలు అనిషినాబే జాతివారు. వాళ్ళ భాష అనిషినాబేమోవిన్‌లో 'గీనవింద్' అంటే మనం, 'నీనవింద్' అంటే మేము. బోర్డు మీద తెలుగు లిపిలో రాసి చూపిస్తే పిల్లలు "వాళ్ళకీ రెండున్నాయా!" అని ఎగిరి గంతేశారు.

సెప్టెంబరు 30న మన పిల్లలు ఆరెంజ్ చొక్కాలు వేసుకుని బడికి వెళ్తారు కదా, ఆ రోజు వెనుక కథ కూడా భాషదే. లక్షా యాభై వేల మంది ఆదివాసీ పిల్లల్ని రెసిడెన్షియల్ స్కూళ్ళలో పెట్టారు. అక్కడ తమ భాష మాట్లాడితే శిక్షించేవారు. ఆ బడులు 1990ల దాకా నడిచాయి. అదే దేశంలో ఒంటారియో ప్రభుత్వం 1977లో వలస వచ్చిన కుటుంబాల పిల్లల కోసం వారసత్వ భాషల తరగతులు మొదలుపెట్టింది. ఇప్పటికీ 23 మంది పిల్లల తరఫున తల్లిదండ్రులు రాసి ఇస్తే స్కూల్ బోర్డు ఆ భాషలో క్లాసు పెట్టాలి. మనకి అడిగితే దొరుకుతున్నది ఒకప్పుడు ఇక్కడివాళ్ళ దగ్గర లాక్కున్నదే. అది తలుచుకున్నాక శనివారం పొద్దున్నే లేవడానికి బద్ధకం అనిపించదు.

ఇంకో శనివారం పదేళ్ళ పాప ఒకతి చెయ్యెత్తింది. "టీచరాంటీ, బర్త్‌డే పార్టీలో ఒక అంకుల్ మా నాన్నని 'కొత్తగా వచ్చినవాళ్ళు మనవాళ్ళేనా?' అని అడిగారు. అక్కడ అందరం తెలుగే కదా. మరి 'మన'లో లేనిది ఎవరు?"

"మీ నాన్నగారు ఏమన్నారు?"

"బిర్యానీ చల్లారిపోతోంది, తినండి అన్నారు."

వెనక కుర్చీల్లో ఉన్న ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రులు ఫోన్ల మీంచి తలెత్తారు. ఆ ప్రశ్న దేని గురించో పెద్దవాళ్ళం అందరికీ తెలుసు. నేను పిల్లలకి వ్యాకరణమే చెప్పాను. "'మన' అన్నాక ఎదురుగా ఉన్నవాళ్ళందరూ అందులో ఉన్నట్టే. అందులోంచి కొందరిని తీసేస్తే అది తప్పు వాడకం."

ఒంటారియో మానవ హక్కుల కమిషన్ 2023లో కుల వివక్ష కూడా మానవ హక్కుల చట్టం కిందికి వస్తుందని స్పష్టం చేసింది. మంచిదే. కానీ పిల్లలు 'మన' అనే మాట నేర్చుకునేది కమిషన్ కాగితాల్లోంచి కాదు. భోజనాల బల్ల దగ్గర, కారు వెనక సీట్లో కూర్చుని, మనం ఫోన్‌లో మాట్లాడుతుంటే విని నేర్చుకుంటారు.

అందుకే ఆ వారం హోంవర్క్‌గా ఒక పని చెప్పాను. ఇంట్లో ఎవరైనా 'మన', 'మనం' అన్నప్పుడల్లా ఒక గీత గీయాలి, అందులో ఎవరెవరు ఉన్నారో పక్కన రాయాలి. మీ ఇంట్లోనూ చేసి చూడండి, ఖర్చు లేని ప్రయోగం. నేను ల్యాబులో చేసిన టైట్రేషన్లలో కూడా రంగు ఇంత తొందరగా మారేది కాదు.

పిల్లలు రకరకాల లెక్కలు తెచ్చారు. ఒక అబ్బాయి కాగితం మీద గీతలన్నీ 'మన దగ్గర' అన్న మాటవే. "మా ఇంట్లో 'మన దగ్గర' అంటే విజయవాడ. 'ఇక్కడ' అంటే బ్రాంప్టన్. నేను పుట్టింది ఇక్కడే కదా టీచరాంటీ, మరి నేను 'మన'లో ఉన్నానా?"

"అది నన్ను కాదు, ఇంటికెళ్ళి అమ్మానాన్నల్ని అడుగు. వాళ్ళేమన్నారో వచ్చే శనివారం మాకు చెప్పు" అన్నాను. కాగితం మడిచి జాగ్రత్తగా జాకెట్ జేబులో పెట్టుకున్నాడు.