రూటరుకు ఇచ్చిన రూపాయి ఎక్కడెక్కడ చేరింది?



మన చదువు గదిలో కంప్యూటర్లు పెట్టినప్పటి నుంచి చాలామంది పెద్దలు ఒకే ప్రశ్న అడుగుతున్నారు. "మా ఇంట్లో నెట్ డబ్బా అరచెయ్యంత ఉంటుంది. ఇక్కడ ఇనుప పెట్టె, బ్యాటరీ, పెరట్లో గుంత, ఇదంతా ఎందుకు?" అడగవలసిన ప్రశ్నే. డబ్బు ఇచ్చినవారికి లెక్కతోపాటు కారణం కూడా తెలియాలి. వైరింగ్ పని దగ్గరుండి చూసుకున్నవాడిగా ఆ కారణాలు రాస్తున్నాను. రేపు ఏ బడికో, షాదీఖానాకో ఇలాంటి పని చేయించేవారికి కూడా ఉపయోగపడతాయి.

రూటరు ఏం చేస్తుంది?

మన దేశంలో ప్రజలకు ఇంటర్నెట్ అందుబాటులోకి వచ్చింది 1995 ఆగస్టు 15న, వి.ఎస్.ఎన్.ఎల్. ద్వారా. అప్పట్లో అది పెద్ద నగరాల సంగతి. మన రాష్ట్రంలో ఏపీ ఫైబర్‌నెట్‌ను 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. రోడ్లు తవ్వకుండా కరెంటు స్తంభాల మీదుగా ఫైబర్ తీగ లాగడం ఆ పథకం ప్రత్యేకత. సముద్రం అడుగున వచ్చే తీగలు చెన్నై, ముంబై తీరాల్లో ఒడ్డుకు చేరతాయి. అక్కడి నుంచి ఊళ్ళు దాటుకుంటూ వచ్చిన సమాచారం, వెంట్రుకంత సన్నని గాజు తీగలో వెలుగుగా మన గోడ దాకా వస్తుంది.

గోడ దగ్గర ఓ.ఎన్.టి. అనే చిన్న పెట్టె ఆ వెలుగును కరెంటు సంకేతంగా మారుస్తుంది. దాని వెనకే రూటరు. పోస్టాఫీసులో ఉత్తరాలు విడదీసే మనిషి చేసే పనే ఇదీ చేస్తుంది. బయటి నుంచి మనకు వచ్చే చిరునామా ఒక్కటే. లోపల ప్రతి కంప్యూటరుకూ వేరే చిరునామా ఇచ్చి, ఎవరు అడిగింది వారికి చేరుస్తుంది. ఇంటి డబ్బా నలుగురైదుగురికి సరిపోతుంది. ముప్పై నలభై మంది ఒకేసారి కూర్చుంటే అది తట్టుకోలేదు. అందుకే రాక్‌లో బిగించే పెద్ద రూటరు తీసుకున్నాం.

ఇనుప పెట్టె ఎందుకు?

ఆ పెట్టెనే రాక్ అంటారు. దాని ముందు వెడల్పు ప్రపంచమంతటా ఒక్కటే: 19 అంగుళాలు, అంటే 48.26 సెంటీమీటర్లు. ఎత్తును 'యు' అనే కొలతలో చెబుతారు. ఒక యు అంటే 1.75 అంగుళాలు. మన రూటరు ఒక యు ఎత్తుంది. ఈ కొలత వల్ల మనకు మేలే. పదేళ్ళ తర్వాత ఈ రూటరు తీసేసి వేరే కంపెనీది తెచ్చినా అవే రంధ్రాల్లో, అవే స్క్రూలతో కూర్చుంటుంది. పెట్టెకు పెట్టిన డబ్బు మళ్ళీ పెట్టనక్కరలేదు.

బరువైన యూపీఎస్‌ను అడుగున పెట్టాం. దాని పైన స్విచ్, ఆ పైన రూటరు. గాలి ఆడేందుకు మధ్యలో ఒక యు ఖాళీ వదిలాం. రూటరు పక్కలకున్న సన్నని రంధ్రాలు దాని ముక్కుపుటాలు. వాటికి అడ్డంగా వైర్లు పోతే ఊపిరాడదు.

పెట్టెను ఎక్కడ బిగించాలన్నది కూడా ఆలోచించాం. ఏప్రిల్, మే నెలల్లో మన ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. సాయంత్రానికి పడమటి గోడ పెనంలా కాలుతుంది. అందుకే తూర్పు వైపు లోపలి గోడకు, ఛాతీ ఎత్తున బిగించాం. ఎత్తుకు ఇంకో కారణం ఉంది. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు మునిగినప్పుడు నేల మీద ఉన్న సామాను ఏమైందో ఈ జిల్లావాళ్ళకు చెప్పనక్కరలేదు. వేసవిలో ఎండిపోయే నదే కదా అని నేల మీద పెట్టలేదు.

పెరట్లో గుంత

ఎక్కువమంది అడిగింది దీని గురించే. అది ఎర్త్ గుంత. ముందుగా నా కళ్ళతో చూసింది చెబుతాను.

కొన్నేళ్ళ కిందట వేరే ఊళ్ళో ఒక చోట నెట్ సెంటరు పని చేశాను. గోడకు మూడు రంధ్రాల ప్లగ్గు ఉంది. ఎర్త్ ఉందనే అనుకున్నాను, పరీక్షించలేదు. మే నెలలో ఒక రాత్రి గాలివాన, ఉరుములు. తెల్లారి చూస్తే రూటరూ స్విచ్చూ రెండూ చచ్చిపోయాయి. ప్లగ్గు విప్పితే మూడో రంధ్రం వెనక వైరే లేదు. స్కాలర్‌షిప్ దరఖాస్తుకు ఆ రోజే ఆఖరు. ఇద్దరు ఆడపిల్లలు సర్టిఫికెట్లు పట్టుకుని వచ్చి, తలుపు దగ్గర నిలబడి, ఏం చెయ్యాలో తోచక మళ్ళీ బస్సెక్కి పట్నం పోయారు. వాళ్ళ పని అయిందో లేదో నాకు తెలియదు. తప్పు నాదే. అప్పటి నుంచి ఎర్త్ చూడకుండా నేను ఏ పెట్టె స్విచ్చీ వెయ్యను.

తీగల్లో వోల్టేజీ ఒక్కసారిగా ఎగసినప్పుడు సర్జ్ ప్రొటెక్టర్ దాన్ని భూమిలోకి మళ్ళిస్తుంది. భూమికి దారి లేకపోతే ఆ ప్రొటెక్టర్ ఉన్నా లేనట్టే. నేరుగా పిడుగు పడితే ఏదీ ఆపలేదు గానీ, మనకు ఎక్కువగా జరిగేది దూరాన పడిన పిడుగు దెబ్బ తీగల వెంట రావడం. దాన్ని తట్టుకోవచ్చు.

తేమగా ఉన్న నేల కరెంటును తేలికగా తీసుకుంటుంది. ఎండిన నేల తీసుకోదు. కోనసీమలో గుంత తవ్వి వదిలేసినా గడిచిపోతుందేమో, మన సీమలో గడవదు. అందుకే గుంతలో బొగ్గు, ఉప్పు వేసి, నీళ్ళు పోయడానికి పైపు పెట్టాం. వేసవిలో వారానికి రెండు మూడు బిందెలు పొయ్యాలి. మీటరుతో చూస్తే ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య దాదాపు 230 వోల్టులు, న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య రెండు మూడు వోల్టుల లోపు రావాలి. ఎక్కువ వస్తే ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి.

కలిపే వరుస

రూటరును నాలుగు స్క్రూలతో బిగించాక మొదట కలిపేది ఎర్త్ వైరు. తీసేటప్పుడు ఆఖరున తీసేదీ అదే. తర్వాత ఓ.ఎన్.టి. నుంచి వచ్చే తీగను 'వ్యాన్' అని రాసిన రంధ్రంలో పెట్టాలి. 'లాన్' రంధ్రం నుంచి స్విచ్‌కు, స్విచ్ నుంచి ఒక్కో కంప్యూటరుకు తీగలు పోతాయి. కరెంటు కలపడం అన్నిటికన్నా చివర.

కంప్యూటర్లకు వాడిన రాగి తీగ ఒక్కోటి 100 మీటర్లు దాటకూడదు. అంతకంటే దూరం పోవాలన్నా, ఒక భవనం నుంచి ఇంకో భవనానికి పోవాలన్నా ఫైబర్ వేయాలి. గాజు తీగలో కరెంటు పారదు కాబట్టి పిడుగు భయమూ తక్కువే. ఫైబర్‌ను మడత పెట్టకూడదు. దాని కొనలోకి కన్ను పెట్టి చూడకూడదు. ఆ వెలుగు కనపడదు గానీ కంటికి హాని చేస్తుంది. పిల్లలకు ఈ మాట తప్పకుండా చెప్పండి.

ప్రతి తీగకూ రెండు కొనలా ఒకే నంబరు అంటించాం. ఇది చాలా చిన్న ఖర్చు. కానీ ఏడో నంబరు కంప్యూటరు ఆగిపోతే ఏడో తీగ చూస్తే చాలు, మొత్తం విప్పి వెతకక్కరలేదు.

కరెంటు పోయినప్పుడు రూటరు, స్విచ్, ఓ.ఎన్.టి. మూడూ బ్యాటరీ మీద నడుస్తాయి. లెక్క తేలిక. 12 వోల్టుల 100 ఆంపియర్-అవర్ బ్యాటరీలో 1200 వాట్-అవర్ల శక్తి ఉంటుంది. నష్టాలు తీసేసి, బ్యాటరీ పూర్తిగా ఖాళీ కాకుండా సగమే వాడుకుందాం అనుకున్నా 600. సామానంతా కలిపి 100 వాట్లు తీసుకుంటే ఆరు గంటలు వస్తుంది.

తాళం చెవి ఎవరి దగ్గర?

రూటరు కొత్తగా వచ్చినప్పుడు చాలావాటికి పాస్‌వర్డ్ అందరికీ తెలిసినదే అయి ఉండవచ్చు. మొదటి రోజే మార్చాలి. కొత్తది కాగితం మీద రాసి, కవరులో సీలు వేసి, కార్యదర్శి గారి బీరువాలో పెట్టాం. సెట్టింగుల నకలు ఒక పెన్‌డ్రైవ్‌లో అదే కవరులో ఉంది. బిగించిన మనిషి ఊరు వదిలిపోతే రూటరు మూగబోకూడదు. ఇది మీ సొమ్ము, మా దగ్గర అమానత్. దాని తాళం చెవి ఒక్కడి జేబులో ఉండకూడదు.

ఇంకొకటి. ఆఫీసు కంప్యూటరులో దాతల వివరాలు, సాయం తీసుకున్న వితంతువుల, విద్యార్థుల ఆధార్ కాపీలు ఉన్నాయి. చదువు గదిలో కూర్చున్నవారికి అవి కనపడకూడదు. అందుకే రూటరులోనే రెండు వేర్వేరు దారులు చేశాం. ఒకటి పిల్లలకు, ఒకటి ఆఫీసుకు. ఇటు నుంచి అటు పోవడానికి లేదు. ఇంటి డబ్బాల్లో చాలావాటికి ఈ పని చేతకాదు. పెద్ద రూటరు కొన్నందుకు ఇది రెండో కారణం.

మీతో ఒక మాట

రూటరు మీద దాత పేరు రాయించవచ్చు. ఎర్త్ గుంత మీద, తీగల నంబర్ల మీద, మూడు నాలుగేళ్ళకు ఒకసారి మార్చే బ్యాటరీ మీద ఎవరి పేరూ ఉండదు. ఆ పెద్ద పెట్టె బతికేది మాత్రం వాటి వల్లనే. కాబట్టి ఇకముందు ఏ వస్తువు ఇప్పించినా, దాన్ని కాపాడే ఖర్చుకు కూడా కొంత పక్కన పెట్టమని కోరుతున్నాం.

వీలైనప్పుడు ఒకసారి చదువు గదికి రండి. పెట్టె తలుపు తీసి చూపిస్తాం. వేసవిలో వస్తే, లోపలికి వచ్చే ముందు పెరట్లో ఆ పైపులో ఒక బిందె నీళ్ళు పోసి రండి. అది కూడా మీ చందాలో జమ చేసుకుంటాం.